టైల్స్ వేయకముందే అడగండి: వంటింటి ప్లగ్గుల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇదే పేజీలో, ఇల్లు బాగుచేయించుకునేవాళ్ళు కరెంటు గురించి ఏమైనా అడగాలనుకుంటే రాయండి అన్నాను, ఇక చూడండి, వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు వంటింటి చుట్టూనే తిరిగాయి. హాల్లో టీవీ వెనక ఎన్ని ప్లగ్గులు కావాలో ఇంట్లో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు గానీ వంటింటి దగ్గరకొచ్చేసరికి అందరూ ఎలక్ట్రీషియన్ మొహం చూస్తారు. నేను ముప్పై ఏళ్ళు ఇళ్ళకి వైరింగ్ పనులు చేయించినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన మేరకు చెప్తా, గోడలో చెయ్యి పెట్టే పని మాత్రం లైసెన్సున్న మనిషి చేతే చేయించుకోండి.

ప్రశ్న: మాది పన్నెండేళ్ళ నాటి అపార్ట్‌మెంట్ అండీ. వంటిల్లు ఎనిమిదికి పది, ఎల్ షేపు గట్టు. ఇప్పుడు పాత టైల్స్ పీకించి మాడ్యులర్ కిచెన్ చేయిస్తున్నాం. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎన్ని పాయింట్లు కావాలి మేడమ్ అంటే మీరే చెప్పండి అన్నా, ఆయన నాలుగు పెట్టేద్దాం అన్నాడు. మాకు ఫ్రిజ్, మిక్సీ, టేబుల్ టాప్ గ్రైండర్, మైక్రోవేవ్, వాటర్ ఫిల్టర్, చిమ్నీ, ఇండక్షన్ స్టవ్, కెటిల్ ఉన్నాయి, డిష్‌వాషర్ కూడా తీసుకుందాం అనుకుంటున్నాం. నాలుగు సరిపోతాయా?
— ఓ గృహిణి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తొమ్మిది మిషన్ల పేర్లు మీ చేత్తో మీరే రాసి నాలుగు చాలా అని నన్నడుగుతున్నారు! చాలవమ్మా. ఆ ఎలక్ట్రీషియన్‌ని ఏమీ అనక్కర్లేదు, పొద్దున్నే ఏడింటికి మీ ఇంట్లో ఏమేం ఒక్కసారే నడుస్తాయో ఆయనకెలా తెలుస్తుంది, అది తెలిసింది మీకొక్కరికే.

అందుకని ఎన్ని అన్న మాట కాసేపు పక్కన పెట్టి ఎక్కడ అన్నది ముందు తేల్చుకోండి. టైల్స్ పీకేశాక గోడ బోడిగా ఉంటుంది కదా, ఆ టైంలో ఒక సుద్దముక్క పట్టుకుని గట్టు ఎత్తు ఎంతవరకు వస్తుందో గోడ మీద గీత గీయండి, సింకు ఎక్కడ, పొయ్యి ఎక్కడ, పై కప్‌బోర్డులు ఎక్కడ మొదలవుతాయి, ఫ్రిజ్ ఎంత వెడల్పు, అన్నీ గీసేయండి. మాడ్యులర్ వాళ్ళ డ్రాయింగ్ చేతిలో లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో జరిగేదేంటంటే కరెంటు పని ముందు అయిపోతుంది, తర్వాత కార్పెంటర్ వచ్చి సరిగ్గా ప్లగ్గు బోర్డు మీదే కప్‌బోర్డు పక్క చెక్క దింపుతాడు, ఇక ఆ బోర్డు సగం బయట సగం లోపల.

గీసుకున్నాక ఆ గోడ ముందు నిలబడి ఉత్తుత్తి వంట చేయండి, నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. ఉల్లిపాయలు ఎక్కడ తరుగుతారు, చట్నీ ఎక్కడ తిప్పుతారు, మిక్సీ గిన్నె కడగడానికి సింకు వైపు ఏ చేత్తో తిరుగుతారు. మిక్సీ వైరు మహా అయితే మీటరు చిల్లర ఉంటుంది, అది పొయ్యి మీదుగా గానీ సింకు మీదుగా గానీ సాగకూడదు. మీ చెయ్యి ఆగిన చోట ఒక గుర్తు పెట్టండి, పాయింట్ అక్కడ.

ఇప్పుడు మీ మిషన్లని రెండు గుంపులు చేద్దాం. ఒకచోట పెడితే కదలనివి అయిదు, ఫ్రిజ్, చిమ్నీ, ఫిల్టర్, మైక్రోవేవ్, డిష్‌వాషర్. వీటికి ఒక్కోదానికి ఒక్కో సొంత పాయింట్ ఉండాలి, బేరం లేదు. మిగతా నాలుగూ, అంటే మిక్సీ, గ్రైండర్, ఇండక్షన్, కెటిల్, గట్టు మీదికి వచ్చి పోయేవి. వీటికోసం గట్టు పైన మూడు చోట్ల బోర్డులు పెట్టించండి, సింకుకీ పొయ్యికీ మధ్య ఒకటి, పొయ్యికి అవతలి పక్క ఒకటి, ఎల్ తిరిగాక రెండో గట్టు మీద ఒకటి. ఒక్కో బోర్డులో ఒక 16 ఆంప్స్ పవర్ సాకెట్టు, ఒక 6 ఆంప్స్ మామూలు సాకెట్టు, దేని స్విచ్ దానికే. అంటే గట్టు పైన ఆరు, కదలని వాటికి అయిదు, మొత్తం పదకొండు. పదకొండా అని గుండె పట్టుకోకండి, గోడ ఎలాగూ కొడుతున్నారు, ఇప్పుడు ఒక పాయింట్ ఎక్కువ పెట్టించడానికయ్యే ఖర్చు రేపు టైల్ పగలగొట్టి పెట్టించేదాంట్లో ఎన్నో వంతో కూడా ఉండదు.

ఎత్తుల దగ్గర చాలామంది దెబ్బ తింటారు. గట్టు మామూలుగా నేల నుంచి 33, 34 అంగుళాలు వస్తుంది, బోర్డు అడుగు అంచు గట్టుకి ఎనిమిది తొమ్మిది అంగుళాల పైన ఉంటే గట్టు కడిగినప్పుడు నీళ్ళు చిందవు, మిక్సీ వెనక నుంచి చెయ్యి పోతుంది. కానీ ఎలక్ట్రీషియన్ ఆ రోజు కొలిచేది ఎక్కడి నుంచి? పాత ఫ్లోరింగ్ పీకేసిన గచ్చు మీద నుంచి. తర్వాత దాని మీద ఇసుక సిమెంటు, టైల్, గట్టు మీద గ్రానైట్ మందం, అన్నీ కలిసి రెండు మూడు అంగుళాలు పైకి లేస్తాయి, బోర్డు పోయి గట్టుకి అతుక్కుపోయినట్టు ఉంటుంది. అందుకని గోడ మీద పూర్తయిన నేల మట్టం గీత ఒకటి గీయించి అన్ని కొలతలూ దాని నుంచే తీయమనండి.

సింకు అంచు నుంచి రెండడుగులు వదలండి, గట్టు చిన్నదై కుదరకపోతే మరీ అడుగున్నరకి తగ్గకుండా చూసుకోండి. పొయ్యికి సరిగ్గా వెనకాల అసలొద్దు, పక్కనైనా ఒక అడుగు దూరం ఉండాలి, మన తిరగమోతలకి ఆ స్విచ్‌లు ఆర్నెల్లలో జిడ్డు పట్టి నొక్కితే లోపలే ఉండిపోతాయి.

ఇక ఫ్రిజ్. దీని గురించి చెప్పే హక్కు నాకు బాగా ఉంది, ఎందుకంటే ఊరందరికీ వైరింగ్ చెప్పిన నేను మా ఇంట్లో ఫ్రిజ్ ప్లగ్గు సరిగ్గా దాని వీపు వెనకాల పెట్టించా. ప్లగ్ టాప్ మందం వల్ల ఫ్రిజ్ మూడంగుళాలు ముందుకొచ్చింది, పక్కనున్న అలమర తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఫ్రిజ్ కట్టేయాలంటే ఇద్దరం కలిసి దాన్ని బయటికి లాగాలి. మా ఆవిడ ఇంటికొచ్చిన చుట్టాలందరికీ అది చూపించి, ఈయన ఎలక్ట్రికల్ మనిషండీ అని పరిచయం చేస్తుంది. మీరు మాత్రం సాకెట్టుని ఫ్రిజ్ పక్కగా, చెయ్యి అందే ఎత్తులో, లేదా ఫ్రిజ్ పైన కప్‌బోర్డు లోపల పెట్టించండి. మైక్రోవేవ్‌కీ ఇదే, వెనకాల కాదు, పక్క అరలో పెట్టించి చెక్కకి వైరు పట్టేంత రంధ్రం చేయించండి.

డిష్‌వాషర్‌కి సాకెట్టు మిషన్ వెనక్కి పోకూడదు, పక్క కప్‌బోర్డులో కాస్త ఎత్తులో ఉండాలి, దాని స్విచ్ మాత్రం గట్టు పైన, రేపు నీళ్ళు కారితే వంగి తడిలో చెయ్యి పెట్టకుండా పైనుంచే ఆపేయొచ్చు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తా వినండి. గ్యాస్ సిలిండర్ పెట్టే అరలో ఏ సాకెట్టూ ఏ స్విచ్చూ ఉండకూడదు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోకుండా అడుగున ఆ అరలోనే నిండుతుంది, స్విచ్ వేసినప్పుడు లోపల వచ్చే చిన్న మెరుపు చాలు. పైపు గ్యాస్ ఉన్న ఫ్లాట్లలో గ్యాస్ తేలిక కాబట్టి పైకి లేస్తుంది, అక్కడ మీటరు, వాల్వు ఉన్న చోటికి దూరంగా పెట్టించుకోండి.

చివరిగా, గోడలో వైర్ల పైపులు వేశాక ప్లాస్టరింగ్ చేసేలోపు ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఫిల్టర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు డ్రిల్లు పట్టుకుని ఇక్కడ కొట్టొచ్చా అంకుల్ అంటే మీ దగ్గర జవాబుండాలి.

ప్రశ్న: సార్, మా వంటింట్లో ఇండక్షన్ స్టవ్, కెటిల్, మైక్రోవేవ్ మూడూ ఒకే లైను మీద ఉన్నాయండి. మూడూ వేస్తే ఓ పావుగంటకో అరగంటకో ఎంసీబీ పడిపోతుందండి. మా ఎలక్ట్రీషియన్ 16 ఆంప్స్ ఎంసీబీ తీసేసి 32 వేస్తే ఇక పడదు అంటున్నాడండి. ఇండక్షన్ పెట్టే ప్లగ్గు దగ్గర కాస్త నల్లబడింది కూడా. వేయించమంటారా?
— ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వేయించకండి. ఎంసీబీ అంటే హద్దుకి మించి కరెంటు పోతే తనంతట తానే ఆపేసే స్విచ్. ఆయన చెప్పింది నిజమే, అది ఇక పడదు, బదులుగా గోడలో వైరు కాలుతుంది.

లెక్క చాలా తేలిక, మిషన్ మీద రాసిన వాట్లని 230తో భాగించండి, ఆంప్స్ వస్తాయి. ఇండక్షన్ 2000 వాట్లు, అంటే దగ్గర దగ్గర 8.7. కెటిల్ 1500, అంటే 6.5. మైక్రోవేవ్ ఒక 1200 అనుకుందాం, 5.2. మూడూ కలిపితే 20 దాటింది. 16 ఆంప్స్ ఎంసీబీ 20 చూడగానే టక్కున పడదు, లోపల ఒక రేకు మెల్లగా వేడెక్కి వంగి అప్పుడు పడుతుంది, మీకు పావుగంటో అరగంటో పట్టేది అందుకే. అది చెడిపోయి కాదండీ పడుతున్నది, దాని పని అది చేస్తోంది.

ఎంసీబీని వైరుని బట్టి వేస్తారు, మన అవసరాన్ని బట్టి కాదు. పాత ఇళ్ళల్లో వంటింటి ప్లగ్గులకి కూడా ఒకటిన్నర ఎంఎం వైరే లాగి ఉంటారు, దాని మీద 32 ఆంప్స్ ఎంసీబీ పెట్టడమంటే కాపలావాడికి నిద్రమాత్ర వేయడమే. ముందు లోపలున్న వైరు ఎంతదో బోర్డు విప్పించి చూడండి. పవర్ సాకెట్టుకి రెండున్నర ఎంఎం రాగి వైరు, ఐఎస్ఐ గుర్తున్నది, దానికి 16 గానీ 20 గానీ ఎంసీబీ. కేంద్ర ప్రభుత్వ భవనాలు కట్టే సీపీడబ్ల్యూడీ పద్ధతిలో అయితే ఒక పవర్ సర్క్యూట్ మీద 16 ఆంప్స్ సాకెట్లు రెండుకి మించి వేయరు, లైట్ల సర్క్యూట్‌కి పది పాయింట్లో 800 వాట్లో హద్దు. ఇంట్లో కూడా అదే పాటిస్తే గొడవుండదు.

మీకు కావాల్సింది పెద్ద ఎంసీబీ కాదు, ఇంకో లైను. డీబీ, అంటే ఎంసీబీలన్నీ ఉండే పెట్టె, అక్కడి నుంచి వంటింటికి కనీసం రెండు పవర్ లైన్లు విడిగా లాగించండి, డిష్‌వాషర్ లాంటిది వస్తే మూడు. అసలు కిటుకు ఏంటంటే లైన్లని గోడని బట్టి పంచకూడదు, మిషన్లని బట్టి పంచాలి, వేడి చేసేవన్నీ ఒకే లైను మీద పడకుండా. ఇండక్షన్ పక్కన మిక్సీ పడితే ఫరవాలేదు, మిక్సీ 750 వాట్లు, అదీ అయిదు నిమిషాలు. గ్రైండర్, ఫిల్టర్, చిమ్నీ అసలు లెక్కలోవే కావు. వాట్లన్నీ కలిపి చూసుకుని మీ కరెంటు బిల్లు మీద ఉండే లోడ్ కిలోవాట్లతో పోల్చుకోండి, అది తక్కువుంటే కరెంటు సరఫరా చేసే డిస్కమ్ ఆఫీసులో పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి, దొంగచాటుగా వాడేస్తే మీటరు దగ్గర కాలేది కూడా మీదే.

నల్లబడ్డ ప్లగ్గు సంగతి: అది ఈరోజే మార్పించండి, వచ్చే వారం కాదు. సాకెట్టు లోపల పట్టు వదులైతే అక్కడే వేడి పుడుతుంది, వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. పెద్ద పిన్నుల ప్లగ్గుని చిన్న సాకెట్టులో పెట్టడానికి బజార్లో దొరికే కన్వర్టర్ ముక్క వాడుతున్నారేమో కూడా చూసుకోండి, అదైతే చెత్తబుట్టలో వేయండి.

ప్రశ్న: చిమ్నీ పాయింట్ ఎంత ఎత్తులో పెట్టాలి? మా మేస్త్రీ అయిదడుగులు అంటున్నాడు.
— ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అయిదడుగుల దగ్గర పెడితే చిమ్నీ బిగించాక అది చిమ్నీ వెనకో, లేదా దాని కింద పొయ్యి సెగ తగిలే చోటో పడుతుంది. గట్టు 34 అంగుళాలు, పొయ్యి మీద నుంచి చిమ్నీ అడుగు 26 నుంచి 30 అంగుళాలు, ఆపైన చిమ్నీ ఎత్తు. అందుకని నేల నుంచి ఆరున్నర, ఏడడుగుల మధ్య, పొయ్యి నడిమధ్యన కాకుండా ఒక అడుగు పక్కకి పెట్టించండి, మధ్యలో పొగ గొట్టం పోతుంది కదా. 6 ఆంప్స్ చాలు. స్విచ్ మాత్రం కింద చెయ్యి అందే చోట విడిగా పెట్టించండి, శుభ్రం చేసేటప్పుడు స్టూలెక్కి ప్లగ్గు పీకే పని తప్పుతుంది. మీది సముద్రం గాలి ఊరు, గోడలోని ఇనప బాక్సులు తొందరగా తుప్పు పడతాయి, గాల్వనైజ్డ్ అయినా సరే ఓసారి చూసి మరీ పెట్టించుకోండి.

ప్రశ్న: మా అమ్మోళ్ళ ఇల్లు పాతది సార్. వంటింట్ల ఫ్రిజ్ ముట్టుకుంటే చిమచిమ అంటది, తడి చేతులతోని అయితే గట్టిగనే కొడ్తది. ఇప్పుడు గట్టు, సింకు కొత్తగ కట్టిపిస్తున్నం. ప్లగ్గులు మాత్రం ఉన్నయే ఉంచుదమంటున్నడు మా నాయిన. ఇన్వర్టర్ కూడ ఉంది. ఏం చెయ్యమంటరు?
— ఓ కూతురు, వరంగల్

జవాబు: మీ నాన్నగారికి ఈ జవాబు చదివి వినిపించు తల్లీ. గట్టు కట్టకపోయినా ఫరవాలేదు, ముందు ఇది చూపించాలి. చిమచిమ అంటే ఫ్రిజ్ ఒంటికి కరెంటు లీకవుతోంది, దాన్ని భూమిలోకి పంపించాల్సిన ఎర్త్ వైరు లేదా తెగింది. మీరు చూపించేదాకా ఆ ఫ్రిజ్‌ని వట్టికాళ్ళతో ముట్టుకోవద్దని అమ్మకి చెప్పు, వీలైతే ప్లగ్గు పీకేయించు.

పాత ఇళ్ళల్లో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది కానీ పై పెద్ద రంధ్రానికి వెనకాల వైరే ఉండదు, అలంకారానికి పెట్టినట్టు. ఇంకా ఘోరం ఏంటంటే, ఎర్త్ లేదని కొందరు కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ వైరునే తెచ్చి ఆ పిన్నుకి కలిపేస్తారు, ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, ఫ్రిజ్ మొత్తం ఫేజ్, అంటే షాక్ కొట్టే వైరులాగే, అయిపోతుంది. అందుకని ఇంటి బయట ఎర్త్ పిట్ ఉందో లేదో, ఉంటే పనిచేస్తోందో లేదో మీటరుతో కొలిపించాలి, లేకపోతే కొత్తది తవ్వించాలి, అక్కడి నుంచి ప్రతి సాకెట్టుకీ ఆకుపచ్చ వైరు రావాలి.

దాని తర్వాత ఆర్‌సీసీబీ. ఎంసీబీ ఉంది కదా అంటారేమో, అది వైరు కాలకుండా ఆపేది, మనిషికి షాక్ కొడితే దానికి తెలియదు, ఎందుకంటే మనిషిని చంపే కరెంటు దాని లెక్కలో చాలా చిన్నది. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ అయితే వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ ఒక్కటేనా అని చూస్తూ ఉంటుంది, తేడా వచ్చిందా సెకనులో మూడో వంతు లోపే కట్టేస్తుంది. తడి చేతులతో పనిచేసే వంటింటికి ఇది లేకుండా కొత్త గట్టు ఎందుకు చెప్పు.

ఇన్వర్టర్ గురించి నువ్వు రాయడం మంచిదైంది. ఆర్‌సీసీబీ పెట్టాక ఊరికూరికే పడిపోతోందని నాలుగు రోజుల్లో దాన్ని తీసేయించేవాళ్ళని చాలామందిని చూశాను, చాలాసార్లు కారణం ఒకటే, ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌నీ మెయిన్ లైను న్యూట్రల్‌నీ ఎక్కడో ఒకచోట కలిపేసి ఉంటారు. రెండూ విడివిడిగా ఉండాలని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పు. వంటింట్లో ఇన్వర్టర్ మీద ఒక లైటు, ఫ్యాను, ఒక 6 ఆంప్స్ సాకెట్టు చాలు, దాని స్విచ్ వేరే రంగుది పెట్టించు, ఇండక్షన్ ప్లగ్గు పొరపాటున అందులో పెట్టకుండా.

ప్రశ్న: అంకుల్, మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. కిచెన్ రీమోడల్ చేయిస్తున్నాం, మధ్యలో పెద్ద ఐలాండ్ వస్తుంది. ఐలాండ్ పక్కకి ఔట్‌లెట్ పెట్టమంటే కాంట్రాక్టర్ కొత్త కోడ్‌లో కుదరదు అంటున్నాడు, నిజమేనా? ఇంకోటి, అమ్మ ఇండియా నుంచి మిక్సీ, గ్రైండర్ తెస్తానంటోంది, వాటికోసం ఏదైనా స్పెషల్ ప్లగ్ పెట్టించొచ్చా?
— ఓ పాఠకురాలు, టెక్సస్

జవాబు: నిజమేనమ్మా. మీ దేశంలో కరెంటు పనుల నిబంధనలకి ఎన్ఈసీ అని ఒక కోడ్ ఉంది, మూడేళ్ళకోసారి మారుతుంది. 2023 ఎడిషన్‌లో ఐలాండ్ పక్క చెక్కకి, అంటే గట్టు మట్టానికి కింద, ఔట్‌లెట్ పెట్టడం తీసేశారు. కారణం సబబైందే, పక్కకి వేలాడే వైరుని పాకే పిల్లలు లాగితే పైనున్న వేడి కుక్కర్ మీద పడుతుంది. ఇప్పుడు పెట్టాలంటే పైకి లేచే పాప్ అప్ రకం గట్టులో పెట్టించుకోవాలి, లేదా రేపటికోసం వైరు మాత్రం అక్కడిదాకా లాగి ఉంచాలి. కానీ ఏ ఊరు ఏ ఎడిషన్ పాటిస్తుందన్నది ఊరూరికీ తేడా, మీ సిటీ పర్మిట్ ఆఫీసులో ఒక్క మాట అడగండి. పాప్ అప్ పెట్టిస్తే వంటింటి గట్టుకని పరీక్షించి లిస్ట్ చేసినదే తీసుకోండి, ఆఫీసు బల్లలకొచ్చేది నీళ్ళు ఒలికితే తట్టుకోదు.

గోడ వెంబడి గట్టుకి అక్కడి లెక్క నాకు బాగా నచ్చుతుంది, గట్టు మీద ఏ చోటు నుంచి చూసినా 24 అంగుళాల లోపు ఒక ఔట్‌లెట్ ఉండాలి, అంటే రెండింటి మధ్య నాలుగడుగులు మించదు, గట్టు నుంచి 20 అంగుళాల కన్నా పైన ఉండకూడదు, అన్నిటికీ జీఎఫ్‌సీఐ రక్షణ, అంటే మన ఆర్‌సీసీబీ లాంటిది. మన దగ్గర ఇల్లు కట్టేవాళ్ళు కూడా ఆ నాలుగడుగుల లెక్క గుర్తుపెట్టుకుంటే బాగుపడతారు. కనీసం రెండు 20 ఆంప్స్ సర్క్యూట్లు గట్టుకని కేటాయించాలి. అయితే మీది 120 వోల్టులు, ఒక సర్క్యూట్‌కి 2400 వాట్లే వస్తాయి, వెయ్యి వాట్ల ఇన్‌స్టంట్ పాట్, 1500 వాట్ల కెటిల్ ఒకే లైను మీద పడితే హద్దు దాటేసింది. కోడ్ అడిగేది రెండు, మన వంటకి నేనైతే మూడు అంటాను, మైక్రోవేవ్‌కి విడిగా ఇంకోటి.

అమ్మని మిక్సీ మోసుకురావద్దని చెప్పండి. 230 వోల్టుల మిక్సీకి వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మిక్సీకన్నా బరువు, గట్టు మీద శాశ్వతంగా కూర్చుంటుంది. గ్రైండర్‌తో ఇంకో తిరకాసు, అందులో ఉండేది ఇండక్షన్ మోటారు, మన 50 హెర్ట్జ్‌కి చేసినది మీ 60 హెర్ట్జ్ మీద అయిదో వంతు వేగంగా తిరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ దీన్ని మార్చదు. మీ దగ్గరే 110 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లు దొరుకుతున్నాయి, అవే కొనుక్కోండి. స్పెషల్ ప్లగ్ ఖర్చుతో ప్యాంట్రీలో నడుము ఎత్తున ఒక అర, అక్కడే ఒక ఔట్‌లెట్ పెట్టించండి, గ్రైండర్ అక్కడే ఉంటుంది, దోసెల పిండి రోజు దాన్ని ఎత్తి దించే పని ఉండదు, తలుపేస్తే చప్పుడు కూడా హాల్లోకి రాదు.

ప్రశ్న: ఆగ్నేయంలోనే అన్ని ప్లగ్గులూ ఉండాలంట కదా సార్, మా పక్కింటాయన చెప్పినాడు. మా ఫ్రిజ్ వాయవ్యంలో వస్తాది. ఏం జేయాల?
— ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: పొయ్యి ఆగ్నేయంలో పెట్టుకోండి, మా ఇంట్లోనూ అక్కడే ఉంది. ప్లగ్గు ఫ్రిజ్ ఉన్న చోట పెట్టుకోండి. ఆగ్నేయం నుంచి వాయవ్యం దాకా ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగితే కాలికి తట్టుకుని పడేది మీ పక్కింటాయన కాదు కదా.

ప్రశ్న: మీ పేజీ ఆలస్యంగా చూశాను. టైల్స్, గ్రానైట్, కప్‌బోర్డులు అన్నీ అయిపోయాయి. ఇప్పుడు చూస్తే రెండో గట్టు మీద ఒక్క ప్లగ్గు కూడా లేదు, మైక్రోవేవ్‌కి ఎక్స్‌టెన్షన్ వైరుతో నడిపిస్తున్నాం. టైల్స్ పగలగొట్టాల్సిందేనా?
— ఓ దంపతులు, గుంటూరు

జవాబు: కంగారు పడకండి, సుత్తి పట్టుకునేముందు ఆ గోడకి అవతలి పక్క ఏముందో చూడండి. పడకగదో హాలో ఉంటే అటువైపు నుంచి గోడ కొట్టి పైపు లాగి, మీ వంటింటి టైల్‌కి సరిగ్గా బాక్సు పట్టేంత చతురస్రం మాత్రం కట్టర్‌తో కోస్తారు, ఒక్క టైల్ పగలదు, అటు పక్క సిమెంటు పూసి రంగేస్తే అయిపోయింది. అవతల పక్కవాళ్ళ ఫ్లాటో బయటి గోడో అయితే, లైనుని కప్‌బోర్డుల మీదుగా పైన పీవీసీ కేసింగ్‌లో తెచ్చి పై కప్‌బోర్డు లోపల దింపి, దాని అడుగు చెక్క కింద బోర్డు బిగించొచ్చు, గట్టు ముందు నిలబడ్డవాళ్ళకి కేసింగ్ కనపడదు. కింద డ్రాయర్ల వెనక నుంచి కూడా తేవొచ్చు కానీ ఎలకలుండే ఇల్లయితే వైరు తప్పకుండా పైపులోనే పోవాలి, సిలిండర్ అర మీదుగా పోకూడదు.

ఎలా తెచ్చినా డీబీ నుంచి విడి లైనుగా రెండున్నర ఎంఎం వైరు తేవాలి, పక్కనున్న బోర్డు నుంచి లూప్ కొట్టేస్తే ఎక్స్‌టెన్షన్ వైరుని గోడలో పెట్టినట్టే. ఆ పని అయ్యేలోపు మైక్రోవేవ్‌ని తీసుకెళ్ళి, పవర్ సాకెట్టు ఎక్కడుంటే అక్కడ, డైనింగ్ టేబుల్ దగ్గరైనా సరే, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టుకోండి. నాలుగు రోజులు వేడి చేసుకోవడానికి హాల్లోకి నడుస్తారు, అంతే కదా.